పూలమ్మే అజ్జికి దణ్ణం పెట్టి

నిన్న సాయంత్రం మా అక్క పిల్లలిద్దరికీ స్పాన్సర్‌షిప్, అదే ప్రభుత్వం నెలనెలా ఇచ్చే సాయం, మంజూరైన కాగితం చేతికొచ్చింది. ఒళ్లంతా అలసటే, అయినా నిద్ర పట్టలేదు. ఇది రాయాలి.

అక్కా బావా పోయాక పిల్లలు బెంగళూరు కె.ఆర్.పురంలో నా దగ్గరే ఉంటున్నారు. అమ్మ, తమ్ముడు, మరదలు తోడున్నారు, వాళ్లకి థాంక్స్ వేరే చెప్పాలా. చెప్పాల్సింది ఈ సాయం కోసం తిరిగిన ఆఫీసు వరండాలో నా పక్కన కూర్చున్న పూలమ్మే ఆవిడకి. పేరడిగితే "అజ్జి అను చాలు" అంది, కన్నడంలో అమ్మమ్మ అని. కూతురు పోతే మనవణ్ణి పెంచుకుంటోందట. ఆవిడా ఈ కాగితం కోసమే తిరుగుతోంది. నా ఫైలు తీసుకుని మరణ ధ్రువపత్రాలు, ఆధార్‌లు, స్టడీ సర్టిఫికెట్లు వరసగా పెట్టింది. "నాడకచేరి ఆదాయ పత్రం పైన పెట్టు తల్లీ, లేకపోతే వెనక్కి పంపేస్తారు" అంది. నాడకచేరి అంటే ఇక్కడి రెవెన్యూ ఆఫీసు. నాకు కన్నడం రాయడం రాదని తన దరఖాస్తు జిరాక్సు ఇచ్చి చూసి రాసుకోమంది. తన పని అయిపోయినా కదల్లేదు. బుట్టలో మల్లెలు వాడిపోయాయి, ఆ రోజు బేరమంతా పోయింది.

మా పెద్దది వాళ్లమ్మ పోయినప్పటి నుంచి ఎవర్నీ తల ముట్టనివ్వదు, నన్ను కూడా. అలాంటిది తనే వెళ్లి అజ్జి ముందు కూర్చుంది. చిక్కు తీసి, జడేసి, మూరెడు పూలు పెట్టిందావిడ. నాకు ఏడుపు ఆగలేదు.

లోపల మాత్రం రెండు మరణ ధ్రువపత్రాలు బల్ల మీద ఉండగానే "తల్లిదండ్రుల సంతకం ఏదీ" అన్నారు, పిల్లల ముందే. మిషన్ వాత్సల్య అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద ఒక్కో బిడ్డకి నెలకి 4,000 రూపాయలొస్తాయి. కానీ పట్నంలో కుటుంబ ఆదాయం ఏడాదికి 96,000 దాటకూడదు. ఒంటరిగా బ్లౌజులు కుట్టుకునేదాన్ని కాబట్టి నాకొచ్చింది. నా వెనకాల తాతని వాచ్‌మన్ జీతం ఎక్కువని తిప్పి పంపారు. బెంగళూరులో ఆ జీతంతో అద్దె కట్టి మనవరాలినెలా చదివిస్తాడు? పిల్లల్ని అనాథల హోమ్‌లో పెట్టడం ఆఖరి మార్గమే కావాలని 2015 జువెనైల్ జస్టిస్ చట్టమే చెబుతోంది కదా, మరి పెంచుకుంటామన్న సొంతవాళ్లకి ఈ లెక్కలేమిటి?

అజ్జి కాగితం ఇంకా రాలేదు. సోమవారం ఆవిడతో నేను వెళ్తున్నా.

అయ్యో, అడిగిన రోజే సర్టిఫికెట్లిచ్చిన హెడ్‌మిస్ట్రెస్ గారికి, డబ్బులు తర్వాతిమ్మన్న జిరాక్సు షాపు బాబుకి, చిన్నోణ్ణి చూసుకున్న పక్కింటి ఆంటీకి కూడా. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తే ఎక్కడికెళ్లాలో ఓపిగ్గా చెప్పిన అమ్మాయీ, నువ్వు చల్లగా ఉండాలమ్మా.