‘అతిపెద్ద’ అనే మాటతో జాగ్రత్త

సంపాదకులకు నమస్కారం.

2024 అక్టోబరులో ప్రకటించిన మెర్సెన్ సంఖ్యను (కొన్ని రెండ్లను ఒకదానితో ఒకటి గుణించి 1 తీసివేస్తే వచ్చేదాన్ని) కొందరు ‘అన్నిటికంటే పెద్ద ప్రధాన సంఖ్య’గా పేర్కొనడం సరికాదు. ప్రధాన సంఖ్యలకు అంతం లేదని యూక్లిడ్ క్రీ.పూ. 300 ప్రాంతంలోనే నిరూపించాడు గనుక, అది ఇప్పటివరకు మనకు తెలిసినవాటిలో పెద్దది మాత్రమే. 13,62,79,841 రెండ్లను ఒకదానితో ఒకటి గుణించి, 1 తీసివేస్తే వచ్చే ఈ సంఖ్యలో 4,10,24,320 అంకెలున్నాయి. ద్విసంఖ్యామానంలో రాస్తే అన్నీ ఒకట్లే.

ఇలా వచ్చే సంఖ్య ప్రధాన సంఖ్య కావాలంటే ఘాతాంకం, అంటే గుణించే రెండ్ల లెక్క, ప్రధాన సంఖ్య కావడం అవసరమే కాని, అదొక్కటే చాలదు: 11 ప్రధాన సంఖ్యే అయినా, 11 రెండ్లను గుణించి 1 తీసివేస్తే వచ్చే 2047 మాత్రం 23, 89ల లబ్ధం. అందుకే లూకాస్–లేమర్ పరీక్ష కావాలి. 4తో మొదలుపెట్టి, ప్రతిసారీ వర్గం చేసి, 2 తీసివేసి, పరీక్షిస్తున్న సంఖ్యతో భాగించగా మిగిలిన శేషాన్ని మాత్రమే ఉంచుకుంటూ, ఘాతాంకం కంటే రెండు తక్కువ సార్లు ఇలా చేశాక శేషం సున్నా అయితే అది ప్రధాన సంఖ్యే. 7కు (ఘాతాంకం 3) ఒక్క మెట్టు చాలు: 16లోంచి 2 తీస్తే 14, దాన్ని 7 నిశ్శేషంగా భాగిస్తుంది.

ఈ కొత్త ప్రధాన సంఖ్య వల్ల సందేశాల గోప్యత పెరుగుతుందనడం అతిశయోక్తి. ఆ పనికి కొన్ని వందల అంకెల ప్రధాన సంఖ్యలను రహస్యంగా ఎంచుకుంటారు, అందరికీ తెలిసిన సంఖ్య అక్కడ దేనికి? దీనితోపాటు ఒక కొత్త సరి పరిపూర్ణ సంఖ్య (తనకంటే చిన్నవైన తన భాజకాల మొత్తానికి సమానమైన సరి సంఖ్య) కూడా దొరికిందన్న సంగతికి వార్తల్లో చోటు దక్కితే బాగుండేది.

భవదీయుడు,
ఒక పాఠకుడు