ఊదా మూత, 4.3

హైదరాబాద్,
ఆదివారం రాత్రి

ఒరేయ్ సెంట్రిఫ్యూజూ,

ఉత్తరం ఆలస్యమైంది. తిట్టుకో, పడతాను. అమ్మ మోకాళ్లు అలాగే ఉన్నాయి, చెల్లి సంబంధం మాటలు శ్రావణం దాకా లేవు, మియాపూర్ మెట్రోలో నాకింకా సీటు దొరకలేదు. ఇక అసలు సంగతి విను, కడుపు ఉబ్బిపోతోంది.

మొన్న మిట్టమధ్యాహ్నం వార్డు నుంచి మా ల్యాబుకి లాక్టేట్ శాంపిల్ వచ్చింది. అదేరా, ఒంటికి ఆక్సిజన్ చాలకపోతే రక్తంలో పెరిగేది. పెద్దావిడ, షుగర్ ఉంది, జ్వరంతో చేరింది. మెషీన్ 4.3 చూపించింది. 2 దగ్గర ఆగాల్సింది 4 దాటితే ఎవరికైనా గుండె గుభేలే కదా! మా కుర్రాడు క్రిటికల్ అంటూ ఫోన్ చేసేశాడు. నేను ట్యూబు తీసి చూద్దును కదా, ఊదా మూత! ఫ్లోరైడ్ వేసిన బూడిద రంగు మూతది కావాలిరా బాబూ. పైగా చేతికి వెచ్చగా తగిలింది. రక్తం తీసి గంటన్నర దాటింది. లిఫ్టు పనిచేయక మెట్లు దిగొచ్చిన వార్డుబాయ్ దాన్ని జేబులో పెట్టుకుని మధ్యలో చాయ్ కూడా తాగాడట.

ఫ్లోరైడ్ లేకపోతే ఎర్రకణాలు ఊరుకుంటాయా? ట్యూబులో కూడా గ్లూకోజ్ తింటూ లాక్టేట్ వదులుతూనే ఉంటాయి. ఆక్సిజన్‌తో శక్తి తయారుచేసే మైటోకాండ్రియా లేదు, పాపం వాటికి వేరే దారేది? ఫ్లోరైడ్ అయితే గ్లూకోజ్‌ని విరగ్గొట్టే ఎంజైముల్లో ఒకటైన ఎనోలేజ్ దగ్గర అడ్డుపడుతుంది. నువ్వు వైవాలో "ఎనోలేజ్ ఎవరి తాలూకు సార్" అన్నావు చూడు... సరే, అదిప్పుడు వద్దు.

డ్యూటీ డాక్టరు ఫోన్లో ఒకటే అరుపులు. "రిపోర్టు పంపండి, ఐసీయూకి మార్చాలి!" పంపనన్నాను. మళ్లీ తీద్దాం సార్ అని నేనే బయల్దేరాను. మా ఐసు మెషీన్ పాడైంది. గేటు దగ్గర చెరకురసం బండి అన్నని ఐసు అడిగితే "రసం ఎన్ని గ్లాసులు?" అంటాడు!

పైన మంచం పక్కన కొడుకు డిపాజిట్ కోసం ఎవరికో ఫోన్లో బతిమాలుతున్నాడు. నేను చేతికి పట్టీ బిగించి కట్టకుండా నరం వెతుక్కుంటూ "పిడికిలి బిగించకమ్మా, అంకె పెరుగుతుంది" అన్నాను. "సూది గుచ్చుతుంటే బిగించకుండా ఎట్లా నాయనా?" అందావిడ. ట్యూబు ఐసులో గుచ్చి మెట్లన్నీ పరుగు, వెంటనే సెంట్రిఫ్యూజులో గిర్రున తిప్పి కణాల నుంచి ప్లాస్మా వేరు చేశాం.

1.7.

ఫోన్ చేసి చెబితే డాక్టరు "ఊఁ" అని పెట్టేశారు. అంతే! నాకేమో ఆ రోజంతా ఒకటే సంబరం, రాత్రి మాత్రం నిద్రపట్టలేదు. ఆ 4.3 నిజమే అయ్యుంటే, ఈ ఆలస్యం వల్ల ఆవిడ... ఏమోరా. నువ్వైతే ఏం చేసేవాడివి? వెంటనే రాయి.

ఇంచార్జి వచ్చేస్తున్నాడు, మెషీన్ సరిగ్గా చూపిస్తోందో లేదో చూసే కంట్రోల్స్ ఇంకా వేయలేదు. నా గళ్ల లుంగీ నీ దగ్గరే ఉందని తెలుసు.