సందులో సాయంత్రం ఒక గంట బండ్లు రాకుంటే చాలు

సంపాదకులకు నమస్కారం.

నేను ప్రొద్దుటూరులో ఇంటి వసారాలో మిషను పెట్టుకొని జాకెట్లు, లంగాలు కుడతాను. ఇరవై రెండేళ్లుగా అదే చోటు. తలెత్తితే మా సందు ఈ కొస నుంచి ఆ కొసదాకా కనిపిస్తుంది. ఇదివరకు అందులో పిల్లలు కనపడేవాళ్లు. ఇప్పుడు మోటారుసైకిళ్లే.

పోయిన ఏడాది మా మనవడికి ఎనిమిదేళ్లకే కళ్లద్దాలు వచ్చినాయి. బడిలో బోర్డు మీది అక్షరాలు అలికినట్టున్నాయన్నాడు. పగటి వెలుతురులో ఎక్కువసేపు గడిపే పిల్లలకు దూరపుచూపు తగ్గే సమస్య అంత తొందరగా మొదలుకాదని, రోజూ బయట ఆడించమని కళ్ల డాక్టరమ్మ చెప్పింది. సూదిలో దారం ఎక్కించి బతికేదాన్ని, చూపు విలువ నాకు ఒకరు చెప్పక్కరలేదు. ఆ రోజంతా నాకు మిషను మీద చెయ్యి ఆడలేదు.

మరుసటి రోజు ఏడు పెంకులాట కోసం పాత సాక్సులో కత్తిరింపు ముక్కలు కుక్కి, మూతి బిగించి, పైన జీన్సు గుడ్డ కప్పి గుండ్రంగా కుట్టాను. లోపల నూలుముక్కలే వేయాలి. నైలాను ముక్కలు జారిపోయి బంతి వదులవుతుంది. ఈ గుడ్డబంతి తగిలితే దెబ్బ ఉండదు, కిటికీ అద్దం పగలదు, ఎదురింటివాళ్లు కేకలెయ్యరు. ఇక పెంకులంటారా, మన జిల్లాలో బండరాళ్లకు కరువా? పగిలిన కడప బండ ముక్కలు ఏడు ఏరి, పిల్లలే పెద్దది కింద, చిన్నది పైన పేర్చుకున్నారు. పదునుగా ఉన్న అంచులు ముందుగా నేలమీద అరగదీయించాను. ఆ ఆట మా మనవడికి, పక్కింటి ఇద్దరు పిల్లలకు నేర్పింది నేనే. నాలుగో రోజుకు తొమ్మిది మంది అయినారు.

ఇంటిముందు నల్లబండ పరుపు ఉన్నవాళ్లకు తొక్కుడుబిళ్ల గడులు గీయడానికి పలకే ఉన్నట్టు. నేను గుడ్డ మీద గుర్తులు పెట్టే సుద్దముక్కే ఇస్తాను, నీళ్లు చల్లితే పోతుంది. అరుగులున్న సందుకు నేలా-బండాను మించిన ఆట లేదు. దొంగ ‘నేల’ అంటే మిగతావాళ్లంతా అరుగెక్కాలి, దిగినవాణ్ని పట్టుకోవాలి. ఒక్క పైసా ఖర్చు లేదు. చీర అంచులు మూడు పాయలుగా జడ అల్లితే తాడాటకు తాడవుతుంది. మరీ చిన్నపిల్లలకు ఇల్లు కట్టేచోట తడి ఇసుకలో పాదం పెట్టి పిచ్చుకగూళ్లు చేయడం చాలు, తర్వాత చేతులు కడిగించాలి. బిళ్లంగోడు మాత్రం సందులో వద్దనే చెబుతాను. బిళ్ల కంటికి తగిలితే ఏమైనా ఉందా! అది మైదానంలో ఆడాల్సింది.

ఎండాకాలం మన ఊళ్లో పగలు బండమీద కాలు పెట్టలేం. అందుకని పొద్దున ఎనిమిదిలోపు, సాయంత్రం అయిదున్నర తర్వాత ఆడిస్తున్నాం. అయిదింటికే రెండు బిందెల నీళ్లు చల్లితే వేడి దిగిపోతుంది.

5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒళ్లు అలిసేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ఆ గంటే మాకు దొరకడం లేదు. మెయిన్ రోడ్డు రద్దీ తప్పించుకోవడానికి మా సందులో అడ్డంపడి పోయేవాళ్లు హారన్ కొట్టి పిల్లల్ని గోడకు అతుక్కునేలా చేస్తారు. ఇక్కడ ఆడుకోవద్దని కసురుతారు కూడా. మరి ఎక్కడ ఆడుకోవాలి నాయనా? సెల్లు చూస్తున్నారని తిట్టేదీ మనమే కదా!

మా సందువాళ్లం మాట్లాడుకొని అయిదున్నర నుంచి ఆరున్నర దాకా రెండు కొసల్లో స్టూళ్లు అడ్డం పెడుతున్నాం. మా బండ్లు కూడా అవతలే ఆపుతున్నాం. ఆంబులెన్సో, ముసలివాళ్లను తెచ్చే ఆటోనో వస్తే పిల్లలే పరుగెత్తి తీస్తారు. ఇలాంటి చిన్న సందులకు ఆ గంట అనుమతి ఇచ్చి, కొసన ఒక బోర్డు పెట్టించమని మున్సిపాలిటీ వారిని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇంకొకటి. పోయిన నెల బంతి కోసం వెనక్కి పరుగెత్తిన పాప కాలు మూతలేని కాలువలో పడి మోకాలు చీరుకుపోయింది. మా సందులో అలాంటి చోట్లు నాలుగున్నాయి. ప్రస్తుతానికి వాటి మీద పాత బండలు కప్పి ఉంచాం. వానలు మొదలయ్యేలోపు సరైన మూతలు వేయించండి.

ఇట్లు,
కుట్టుపని చేసుకునే ఒక అవ్వ,
ప్రొద్దుటూరు, కడప జిల్లా