గ్రిల్ కొనేవారికి పెట్టె మీది అంకె చాలదు

సంపాదకులకు,

అయ్యా,

మీ పత్రిక ప్రవాస తెలుగువారి పేజీలో ఇంటికి ప్రొపేన్ గ్రిల్ (ఆరుబయట మాంసం వగైరా కాల్చుకునే గ్యాస్ పొయ్యి) ఎంచుకోవడం గురించి వచ్చిన వ్యాసం ఉపయోగకరంగానే ఉంది గానీ, బీటీయూ (వేడిని కొలిచే ప్రమాణం) ఎంత ఎక్కువైతే గ్రిల్ అంత మంచిదన్నట్టు రాయడం, గ్రిల్ పక్కన గిన్నె పెట్టి వండుకోవడానికి అమర్చే పొయ్యిని దండగ ఖర్చని తీసిపారేయడం సరికాదని, టెక్సాస్‌లో కాపురం ఉంటూ ఏళ్ల తరబడి గ్రిల్ వాడుతున్నవాడిగా మనవి చేస్తున్నాను.

పెట్టె మీద వేసే బీటీయూ అంకె గంటకు ఎంత గ్యాస్ మండుతుందో చెబుతుంది తప్ప, ముక్కలు పెట్టి కాల్చే జాలీ మీదికి ఎంత వేడి చేరుతుందో, అన్నివైపులా సమంగా అందుతుందో లేదో చెప్పదు. ఆ అంకెను జాలీ వైశాల్యంతో భాగించి చూడాలి. 36,000 బీటీయూల గ్రిల్‌కు 450 చదరపు అంగుళాల జాలీ ఉంటే చదరపు అంగుళానికి 80 వస్తుంది, ఇంటి వంటకు అది చాలు. అదే మంట 600 చదరపు అంగుళాలకు పంచుకుంటే 60కి పడిపోతుంది. వండినవి చల్లారకుండా పెట్టుకునే పై అరను కూడా చాలా పెట్టెల మీద వైశాల్యంలో కలిపేస్తారు కనుక, కింది జాలీ కొలతను విడిగా అడగాలి. పెరుగూ కారమూ పట్టించిన కోడి ముక్కలు కాల్చే మనబోటివాళ్లకు మరో చిక్కుంది: పెరుగు జాలీకి అంటుకుని మాడుతుంది, ముక్కల నుంచి కారే కొవ్వు బర్నర్ల మీద పడి మంట పైకి లేస్తుంది. అందుచేత పోత ఇనుముతో చేసిన బరువైన జాలీ, బర్నర్లను కప్పే రేకులు, సులువుగా బయటికి వచ్చే జిడ్డు పళ్లెం ఉన్నాయో లేదో దుకాణంలోనే మూత ఎత్తి, పళ్లెం లాగి చూసుకోవాలి.

పక్క పొయ్యి విషయంలో, వ్యాసకర్త తలుపులన్నీ బిగించిన ఇంట్లో ఎన్నడూ ఎండుచేపలు వేయించి ఉండరనిపిస్తుంది. తివాచీలకూ పరదాలకూ ఆ వాసన పడితే రోజుల తరబడి వదలదు. చేపల వేపుడూ, ఎండుమిర్చి తాలింపూ పెరట్లో కానిచ్చుకునే వీలు కోసం మరికొంత సొమ్ము పెట్టడం మన ఇళ్లకు దండగ కాదు.

వ్యాసంలో బొత్తిగా లేనిది, గ్రిల్ ఎక్కడ పెట్టుకోవాలన్న సంగతి. అమెరికాలో చాలా నగరాలు అనుసరించే అంతర్జాతీయ అగ్నిమాపక నియమావళి ప్రకారం, అపార్టుమెంట్లలో మండే స్వభావమున్న బాల్కనీల మీద గానీ, అటువంటి కట్టడానికి 10 అడుగుల లోపు గానీ ఇలాంటి గ్రిల్ వెలిగించకూడదు. ఒకటి రెండు కుటుంబాలు ఉండే విడి ఇళ్లకూ, మంటలార్పే నీటి స్ప్రింక్లర్ల రక్షణ ఉన్న భవనాలకూ మినహాయింపులున్నా, స్థానిక నిబంధనలూ అద్దె ఒప్పందమూ చదవకుండా కొంటే పెట్టె విప్పకుండానే వాపసు చేయవలసి రావచ్చు.

సిలిండర్ గురించి కూడా ఒక మాట. 20 పౌన్ల సిలిండర్ అని పేరేగానీ, ఖాళీది ఇచ్చి మార్చుకునే చోట చాలాసార్లు 15 పౌన్ల గ్యాసే ఉంటుంది. పైన చెప్పిన గ్రిల్‌ను పూర్తి మంట మీద ఉంచితే అది సుమారు 9 గంటలు వస్తుంది. వెలిగించేటప్పుడు ముందు బర్నర్ల మీటలన్నీ కట్టేసి ఉన్నాయని చూసుకుని, మూత ఎత్తి, ఆపైన సిలిండర్ వాల్వును మెల్లగా తిప్పాలి. ఒక్కసారిగా తిప్పితే లీకు అయిందనుకుని రెగ్యులేటర్‌లోని రక్షణ పరికరం గ్యాసును బిగపడుతుంది, మంట ఎంతకీ పెరగదు. గ్రిల్ పాడైందని దుకాణానికి మోసుకుపోయేవారిలో కొందరి సమస్య ఇంతే.

స్వదేశానికి తిరిగి వెళ్తూ ఈ గ్రిల్‌ను సామానుతో పంపేవారూ ఉన్నారు. అక్కడి ఇంటి సిలిండర్ వాల్వుకు ఇక్కడి గొట్టం బిగించే మర అమరదు, గ్యాసు కూడా ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం. వీధి చివరి మెకానిక్‌తో గొట్టం మార్పించి వాడటం ప్రమాదకరం కనుక, ఆ సంగతినీ మీ తదుపరి వ్యాసంలో చేర్చవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
డాలస్, టెక్సాస్