మందుకు లొంగని హెచ్‌ఐవీ గురించి ఆరోగ్య శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ మంత్రిగారికి,

నమస్కారం. నేను హనుమకొండ వాసిని. ఉత్తర తెలంగాణలో హెచ్‌ఐవీ మందులు ఇచ్చే ఒక ఏఆర్‌టీ కేంద్రంలో చాలా ఏళ్లు కౌన్సెలర్‌గా పనిచేశాను. మందులు వాడుతున్నా కొందరిలో వైరస్ ఎందుకు తగ్గదో, ఆ మొండి వైరస్ ఒకరి నుంచి ఇంకొకరికి ఎలా చేరుతుందో నేను దగ్గరగా చూశాను. ఆ అనుభవంతోనే మీకు ఒక విన్నపం చేసుకుంటున్నాను.

పరకాల వైపు నుంచి ఒక ఆడబిడ్డ మా దగ్గరికి వచ్చేది. లారీ నడిపే ఆమె భర్త అప్పటికే కొన్నేళ్లుగా మందులు వాడుతూ, మధ్యలో మానేస్తూ ఉండేవాడు. ఆమెకు సోకిన సంగతి అప్పుడే తేలింది, అంతకుముందు ఈ మందు ఒక్కటీ మింగి ఎరుగదు. ఎఫావిరెంజ్ కలిసిన మాత్రలు ఇస్తున్న రోజులవి. ప్రతి నెలా వచ్చి డబ్బాలో మిగిలిన మాత్రలను బల్ల మీద పోసేది, మేము లెక్కపెట్టేవాళ్లం, ఏనాడూ ఒక్క మాత్ర తేడా రాలేదు. అయినా ఆరు నెలల తర్వాత చేసిన వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ ఎక్కువగానే ఉంది. "నిజం చెప్పు బిడ్డా, ఎన్ని రోజులు మింగలేదు?" అని ఆ రోజు నేను మళ్లీ మళ్లీ అడిగాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, "పిల్లల మీద ఒట్టు సారూ, ఒక్క పూట తప్పలే" అన్నది. నేను నమ్మలేదు. కొన్ని నెలలకు వైరస్‌కు జన్యు పరీక్ష జరిగినప్పుడు, ఎఫావిరెంజ్‌ను పనిచేయనీయని కె103ఎన్ అనే మార్పు ఆమె వైరస్‌లో కనిపించింది, భర్త వైరస్‌లోనూ అదే మార్పు ఉంది. ఆమె మొదటి నుంచీ నిజమే చెప్పింది.

ఇది ఎలా జరుగుతుందో నాలుగు మాటల్లో చెప్పనివ్వండి. హెచ్‌ఐవీ తన ప్రతిని తాను రాసుకునేటప్పుడు తరచూ తప్పులు చేస్తుంది, ఆ తప్పుల్లో కొన్ని దానికి మందు నుంచి రక్షణ ఇస్తాయి. మాత్రలో ఉండే మూడు మందులూ కలిసి రక్తంలో ఉన్నంత కాలం అలాంటి వైరస్ తలెత్తలేదు. భర్త మాత్రలు మానేసిన ప్రతిసారీ జరిగిందేమిటంటే, తోటి మందులు ముందుగా ఒంట్లోంచి ఖాళీ అయ్యాయి, ఎఫావిరెంజ్ మాత్రం ఇంకా చాలా రోజులు ఒంటరిగా మిగిలింది, ఆ ఒక్క మందును తట్టుకోగల వైరస్ దాని ఎదుటే పెరిగింది. ఆ వైరస్ వ్యాపించే దారులు మామూలు హెచ్‌ఐవీ దారులే: రక్షణ లేని లైంగిక సంబంధం, ఒకరు వాడిన సూదిని మరొకరు వాడటం, కాన్పులోనో చనుబాల ద్వారానో తల్లి నుంచి బిడ్డకు చేరడం. ఒకే కంచంలో తిన్నంత మాత్రాన మామూలు వైరస్ ఎలా అంటుకోదో ఇదీ అంతే, ఈ మాట ప్రజలకు గట్టిగా చెప్పాలి. కె103ఎన్ లాంటి మార్పు వైరస్‌ను పెద్దగా బలహీనపరచదు కనుక, కొత్త మనిషిలో అది ఏళ్ల తరబడి అలాగే నిలిచిపోగలదు.

ఇప్పుడు మనం ఇస్తున్న డోలుటెగ్రావిర్ చాలా గట్టి మందు, వైరస్ దానిని ఓడించడం అంత సులువు కాదు. అయితే ఆ మందు వాడుతున్నా వైరస్ అదుపులోకి రాని వారిలో, కొన్ని దేశాల సర్వేల ప్రకారం 3.9 నుంచి 8.6 శాతం వరకు దానికి నిరోధకత, అంటే మందుకు లొంగని గుణం, కనిపించిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో తెలిపింది. ఎఫావిరెంజ్ విషయంలో మేము ఆలస్యంగా మేలుకున్నాం, డోలుటెగ్రావిర్ విషయంలో ఆ ఆలస్యం జరగకూడదు.

మాత్ర మానేసిన ప్రతివారినీ నిర్లక్ష్యపు మనుషులుగా చూడవద్దని కూడా మనవి. మిరప ఏరే రోజుల్లో ఒక పూట ఆస్పత్రికి వస్తే ఆ నాటి కూలి పోతుంది. డబ్బా గలగలలాడితే అత్తకు తెలుస్తుందని మాత్రలను దూదిలో చుట్టి బియ్యం డబ్బా అడుగున దాచుకున్నవాళ్లను నేను చూశాను. నేత పనికి సూరత్‌కో భీవండికో వెళ్లినవాళ్లు, చేతిలో మందు అయిపోతే అక్కడ ఎవరిని అడగాలో తెలియక ఊరికి వచ్చేదాకా ఊరుకున్నారు.

అందుకని, నిలకడగా వాడుతున్నవారికి మూడు నెలల మందు ఒకేసారి ఇప్పించండి. వలస వెళ్లేవారికి వెళ్లిన చోటే మందు దొరికేలా ముందుగానే చీటీ రాసి, అక్కడి కేంద్రానికి కబురు పంపే పద్ధతిని కట్టుదిట్టం చేయండి. అన్నిటికంటే ముఖ్యంగా, వరంగల్, హనుమకొండ, ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ జిల్లాల రోగులకు వైరల్ లోడ్ ఫలితం, అవసరమైన చోట నిరోధక పరీక్ష (వైరస్ మందుకు లొంగుతుందో లేదో చూసే జన్యు పరీక్ష) ఫలితం ఇన్ని రోజుల్లో చేతికి రావాలని గడువు పెట్టి, ఆ గడువు పాటిస్తున్నారో లేదో మీ కార్యాలయమే చూడాలి. భార్యాభర్తల్లో ఒకరు మందు వాడి మానేసి ఉంటే, రెండోవారికి కొత్తగా సోకిందని తేలిన రోజే నిరోధక పరీక్షకు రక్తం పంపాలని ఆదేశించండి. 2018 సెప్టెంబరు 10న అమల్లోకి వచ్చిన హెచ్‌ఐవీ చట్టం చికిత్స అందించే బాధ్యతను ప్రభుత్వం మీద పెట్టింది, పనిచేసే మందు ఇస్తేనే ఆ బాధ్యత తీరినట్టని నేను నమ్ముతున్నాను.

ఆ ఆడబిడ్డకు తర్వాత మందు మార్చారు, వైరస్ పరీక్షకు అందని స్థాయికి తగ్గింది. ఆమెకు నేను క్షమాపణ చెప్పుకున్నాను. మా కేంద్రంలో ఆమె అనవసరంగా అనుమానాన్ని మోసిన ఆ నెలలు ఇంకొకరికి రాకుండా ఉండే ఉత్తర్వు మీ చేతుల్లో ఉంది.

ఇట్లు,
విశ్రాంత ఏఆర్‌టీ కౌన్సెలర్,
హనుమకొండ