హిప్పీలు పంచిన పులుసు

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం మీ అనుబంధంలో హిప్పీల మీద, అంటే 1960ల్లో అమెరికాలో ఉన్న పద్ధతుల్ని కాదని వేరే బతుకు వెతుక్కున్న కుర్రకారు మీద వేసిన వ్యాసం చదివాను. గంజాయి, గిటారు, గడ్డం... ఈ మూడు ముక్కల్లో తేల్చేశారు. నేను హిప్పీని కాను, పోస్టాఫీసులో ముప్పై నాలుగేళ్లు చేసి రిటైరయినవాణ్ణి. వాళ్లతో నాకున్న సంబంధమల్లా 1974లో చెవులు మూసేలా పెంచిన జుట్టే. మా నాన్న నాలుగు నెలలు ఓపిక పట్టి, ఓ ఆదివారం పొద్దున్నే మంగలి షాపుకి లాక్కెళ్లి, పక్కన కూర్చుని మరీ తీయించారు. అప్పట్లో తెనాలిలో హిప్పీ అంటే జుట్టు, కాదంటే తిట్టు.

కిందటేడు అమెరికాలో మా అబ్బాయి దగ్గరికి ఫ్రీమాంట్ వెళ్లినప్పుడు పట్టుబట్టి శాన్‌ఫ్రాన్సిస్కోలోని హెయిట్-యాష్‌బరీ చూపించమన్నాను. 1967 వేసవిలో హిప్పీ కుర్రకారు వేలాదిగా వచ్చిపడ్డ పేట అది. ఇప్పుడక్కడ రంగులు చుట్టలు చుట్టలుగా అద్దిన బనీన్లు అమ్ముతున్నారు. మనవరాలు ఒకటి పట్టుకుంది. నలభై డాలర్లు. నేను రూపాయల్లోకి మార్చబోతుంటే కోడలు "వద్దు మామయ్యగారూ, లెక్కేస్తే ఇక్కడ ఏమీ కొనలేం" అంది.

ఆ పేటలోనే ఒకప్పుడు బట్టలు ఊరికే ఇచ్చిన కొట్టు ఉండేది. కావలసింది తీసుకుపోవచ్చు, వద్దనుకున్నది పెట్టిపోవచ్చు. డిగ్గర్లు అనే బృందం నడిపింది. 1966 చివర్లో వీళ్లే పక్కనున్న పాన్‌హ్యాండిల్ పార్కులో సాయంత్రం నాలుగింటికి వేడివేడి పులుసు పంచడం మొదలుపెట్టారు. మార్కెట్లో మిగిలిపోయిన కూరగాయలు అడిగి తెచ్చి, పెద్ద పెద్ద డబ్బాల్లో కాచేవారు. ఎవరి గిన్నె వాళ్లు తెచ్చుకోవాలి, అంతే. ఎవరివి, ఎందుకొచ్చావని అడిగేవాళ్లు లేరు. రొట్టెలు కాల్చడానికి సరైన పాత్రలు లేక ఖాళీ కాఫీ డబ్బాల్లో ముడి గోధుమపిండి ముద్ద పెట్టి కాల్చారు. ఇదంతా చెబితే మా ఆవిడ "వండింది ఆడవాళ్లే అయ్యుంటారు, పేరు మగవాళ్లకొచ్చి ఉంటుంది" అంది. తర్వాత చదివి చూస్తే అక్షరాలా నిజం.

మీ వ్యాసం పూర్తిగా తప్పని నేననను. మత్తుమందులు మింగి స్పృహ తప్పినవాళ్లు, సుఖవ్యాధులు, ఇళ్లు వదిలి పారిపోయి వచ్చిన పదహారేళ్ల పిల్లలు... అన్నీ ఉన్నాయి. ఆ అవస్థ చూసే 1967 జూన్‌లో డేవిడ్ స్మిత్ అనే కుర్ర డాక్టర్ అక్కడే ఉచిత క్లినిక్ తెరిచారు. వైద్యం అందరి హక్కు, కొందరికే దక్కే సౌకర్యం కాదన్నది దాని మాట. అమెరికాలో ఆస్పత్రి బిల్లు చూసినవాళ్లకి ఆ మాట బరువు తెలుస్తుంది. మా అబ్బాయికి ఇన్సూరెన్స్ ఉండి కూడా, నాకు జ్వరం వస్తే వాడికే టెన్షన్.

అదే ఏడు అక్టోబర్ 6న ఆ పేటవాళ్లే హిప్పీకి ఉత్తుత్తి శవయాత్ర చేశారు. పాడె మోసుకుంటూ వీధులు తిరిగారు. చచ్చిపోయిన హిప్పీ ఎవరయ్యా అంటే, పత్రికల ముద్దుబిడ్డ అని అచ్చేశారు! మీ వ్యాసం చదవగానే నాకు గుర్తొచ్చింది ఇదే.

తర్వాత ఏమైందంటే, అమ్ముడుపోయేవన్నీ బతికాయి. ఆ ముడి గోధుమ రొట్టె ఇప్పుడు ఖరీదైన సరుకు. ఆర్గానిక్ తిండికి పేరుపడ్డ హోల్ ఫుడ్స్ కొట్లను అమెజాన్ 2017లో 1,370 కోట్ల డాలర్లు పెట్టి కొంది. హిప్పీలు మోజుపడ్డ ధ్యానం కూడా అంతే. మావాడి ఆఫీసులో దానికో ప్రత్యేక గది ఉంది. పదిహేను నిమిషాలు కళ్లు మూసుకుని, రాత్రి పదింటిదాకా మీటింగుల్లో ఉంటాడు. అమ్ముడుపోనివే కష్టపడ్డాయి. అమెరికాలోనే టెనెస్సీ రాష్ట్రంలో 1971లో కొన్ని వందలమంది హిప్పీలు కలిసి ఫార్మ్ అనే ఊరు కట్టుకుని, సంపాదనంతా ఒకే పెట్టెలో వేశారు. 1983లో అప్పులు మీదపడి, మన ఉమ్మడి కుటుంబాలు వేరుపడ్డట్టే ఎవరి పొయ్యి వాళ్లు పెట్టుకున్నారు. అయినా ఊరు మాత్రం ఇప్పటికీ ఉంది, అక్కడి మంత్రసానుల పని దేశమంతా తెలుసు. దీని గురించి మీ వ్యాసంలో ఒక్క వాక్యం లేదు.

నాకు కోపం తెప్పించింది అసలు ఆ ఫొటో. పొగ వదులుతున్న గడ్డపువాడు. ఈసారి హిప్పీల మీద ఏదైనా వేసేటప్పుడు, పాన్‌హ్యాండిల్ పార్కులో గిన్నెలు పట్టుకుని వరసలో నిలబడ్డవాళ్ల ఫొటో వెతికి వేయండి.

- ఒక విశ్రాంత పోస్టల్ ఉద్యోగి, తెనాలి