చామంతికి రాత్రి కావాలి

చిట్టితల్లీ,

నువ్వు పంపిన ఫోటోలు రెండూ పెద్దవి చేసి చూశాను. ఆకు ముదురాకుపచ్చగా, నిగనిగలాడుతూ ఉంది. పురుగు లేదు, తెగులు లేదు, కుండీ కూడా సరిపోయేదే. నవంబరు ఆఖరుకొచ్చినా ఒక్క మొగ్గ లేదంటే లోపం మొక్కది కాదు, నువ్వు వేసిన ఎరువుది కాదు. రెండో ఫోటోలో కుండీల నెత్తిన వెలుగుతున్న ఎల్ఈడీ ట్యూబులైటు చూడు. రోజూ రాత్రి పదకొండింటి దాకా అది వేసే ఉంటుందని నువ్వే రాశావు. అంటే నీ చామంతులకు ఇంకా వేసవి పొద్దులే నడుస్తున్నాయి. పూత మందు అని అమ్మే సీసాలేవీ కొనకమ్మా, వాటితో ఇది తేలే పని కాదు.

చామంతి పూతకు రావడానికి ముఖ్యంగా చూసేది రాత్రి ఎంతసేపు ఉందన్నదే. హైదరాబాదులో జూన్ నెలాఖరుకు పగలు 13 గంటలు దాటుతుంది. డిసెంబరు మూడో వారానికి 11 గంటల చిల్లరకు దిగుతుంది. మొత్తం తేడా రెండు గంటలే, అదీ ఆర్నెల్ల మీద కొద్దికొద్దిగా. మన కంటికి ఆనని ఆ మార్పును ఆకు పట్టుకుంటుంది. మీ నాయనమ్మ వేసే పందిరి చిక్కుడు సంగతి నీకు తెలుసు కదా. ఆషాఢంలో విత్తినా, శ్రావణంలో విత్తినా పందిరంతా తీగ అల్లుకుంటుందే గానీ చలి పొద్దులు వచ్చేదాకా పూత రాదు. అదీ ఈ లెక్కే. గోంగూరను ఆలస్యంగా చల్లితే నాలుగు ఆకులు వేసి వెంటనే పూతకొస్తుంది, ఆకు దిగుబడి పోతుంది. పొద్దు పొట్టిదైందని దానికి తెలిసిపోతుంది మరి.

ఈ విషయం మొదట తేటతెల్లమైంది పొగాకు వల్ల. అమెరికా వ్యవసాయ శాఖలో గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు పనిచేసేవారు. మేరీలాండ్ మామత్ అనే రకం వేసవిలో పది అడుగులు పెరిగినా పూసేది కాదు. అదే రకాన్ని చలికాలంలో గ్రీన్‌హౌస్‌లో పెడితే పొట్టిగా ఉండగానే పూసేది. వెచ్చదనం, తేమ, ఎరువు అన్నీ మార్చి చూశారు, ఫలితం లేదు. చివరికి వేసవిలోనే మొక్కల్ని రోజూ పొద్దుండగానే చీకటి గదిలోకి చేర్చి, మర్నాడు బాగా పొద్దెక్కాక బయటికి తెచ్చారు. అవి పూశాయి. 1920లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి.

అయితే మొక్క కొలుస్తున్నది పగటినా, రాత్రినా? నీ బాల్కనీకి కావలసిన జవాబు ఇక్కడుంది. 1938లో హామ్నర్, బానర్ అనే శాస్త్రవేత్తలు మరులమాతంగి మొక్కల మీద పరీక్ష చేశారు. మన రోడ్ల పక్కన ముళ్లకాయలు బట్టలకు అంటుకుంటాయే, ఆ మొక్క. పగటి మధ్యలో కాసేపు చీకటి చేస్తే దానికి ఏమీ పట్టలేదు. పొడుగాటి రాత్రి మధ్యలో కొద్దిసేపు దీపం చూపిస్తే మాత్రం పూత ఆగిపోయింది. అంటే లెక్క రాత్రిదే, అదీ తెగకుండా సాగిన చీకటిది. చామంతి ఎనిమిది గంటలు చీకటి చూసి, మధ్యలో వెలుతురు తగిలి, మళ్లీ నాలుగు గంటలు చీకటి చూస్తే అది పన్నెండు గంటల రాత్రిగా జమకాదు. రెండు పొట్టి రాత్రులుగానే లెక్క. నువ్వు అర్ధరాత్రి నీళ్ల కోసం లేచి ఆ దీపం వేసి మరిచిపోయినా జరిగేది ఇదే.

కొలిచే సాధనం ఆకులోని ఫైటోక్రోమ్ అనే ప్రోటీన్. దానికి రెండు రూపాలు. ఎర్ర కాంతి తగిలితే చురుకైన రూపానికి మారుతుంది. చీకట్లో మెల్లగా మొదటి రూపానికి దిగిపోతుంది. ఎండలోనూ, తెల్లటి ఎల్ఈడీలోనూ ఎర్ర కాంతి ఉంటుంది. అందుకే ట్యూబులైటు వేసిన ప్రతిసారీ ఆ రూపం మళ్లీ తయారై, ఇంకా రాత్రి కాలేదని చెబుతుంది. అప్పుడు ఆకు ఊరికే కూర్చోదు, మొగ్గ వేయొద్దని కొమ్మ చివరకు కబురు పంపుతుంది. ఆ కబురు మోసేది ఇంకో ప్రోటీన్. చామంతిలో పూతను ఆపే ఆ రెండో ప్రోటీన్‌ను జపాన్ శాస్త్రవేత్తలు 2013లో బయటపెట్టారు. పూయమని చెప్పే ఫ్లోరిజెన్ అనే సంకేతం ఒకటుండాలని రష్యాలో చైలఖ్యాన్ 1930లలోనే ఊహించాడు. ఆయన ప్రయోగం చేసింది కూడా చామంతి మీదే. ఆకులకు పొట్టి పగళ్లు చూపించి, చివరను మాత్రం దీర్ఘమైన పగళ్లలో ఉంచినా మొగ్గ వచ్చింది. అంటే చూసేది ఆకు, మొగ్గ వేసేది చివర. ఈ ముక్క గుర్తుపెట్టుకో, కప్పేటప్పుడు పనికొస్తుంది.

ఇప్పుడు చేయవలసింది చెప్తాను. ఈ రోజు నుంచే పొద్దు కుంకిన దగ్గర్నుంచి తెల్లారేదాకా ఆ దీపం వేయకు. ఇప్పటి రాత్రులు సహజంగానే 12 గంటలు దాటి ఉన్నాయి కాబట్టి దీపం లేకపోతే చాలు, వేరే ఏర్పాటు అక్కర్లేదు. ఎదురింటి దీపమో, వీధి దీపమో పడుతుందేమో చూసుకో. రాత్రి కుండీ పక్కన కూర్చుని పేపరు విప్పు. అక్షరాలు చదవగలిగావంటే ఆ వెలుతురు మొక్కకూ ఎక్కువే. కుండీని గోడ నీడకు జరుపు. జరపడానికి చోటు లేకపోతే సాయంత్రం ఆరింటికి కప్పి, పొద్దున ఏడింటికి తీసెయ్యి. దళసరి నల్లగుడ్డ రెండు పొరలుగా, లేదా మొక్క మొత్తం పట్టే అట్టపెట్టె బోర్లించు. చూసేది ఆకులు కాబట్టి చివరలు మాత్రమే కప్పి అడుగు ఆకులు వదిలేస్తే ఫలితం ఉండదు. పాలిథిన్ కవరు వద్దు. లోపల తేమ చేరి ఆకుమచ్చ వస్తుంది. అదే కారణంగా నీళ్లు పొద్దునే పొయ్యి, ఆకు తడి లేకుండా ఆరాకే కప్పు. పగలు మాత్రం కనీసం ఐదారు గంటలు ఎండ తగలాలి. చీకటి రాత్రికే గానీ పగటికి కాదు.

ఇలా మూడు నాలుగు వారాలు గడిచాక కొమ్మ చివర దగ్గరగా చూడు. కొత్త ఆకుల మధ్య ఆవగింజంత గుండ్రటి బొడిపె కనిపిస్తే మొగ్గ పడినట్టే. రకాన్ని బట్టి మొత్తం ఎనిమిది నుంచి పది వారాల్లో పూలు విచ్చుకుంటాయి. మొగ్గ రంగు తేలేదాకా చీకటి క్రమం తప్పకూడదు. ఒకటి రెండు రాత్రులు తప్పితే కొంప మునగదు, కొన్నాళ్లు వెనకబడుతుంది. వారంలో సగం రోజులు చీకటి, సగం రోజులు దీపం అయితే మాత్రం అసలు చిక్కొస్తుంది. మొగ్గ పడుతుంది, అక్కడే ఆగిపోతుంది. దాని చుట్టూ అంచుల్లో నొక్కులు లేని సన్నటి బద్దల్లాంటి ఆకులు వస్తాయి. అలాంటిది కనిపించిందంటే ఎక్కడినుంచో వెలుతురు పడుతోందన్నమాట. పేనుబంక పట్టేది కూడా మొగ్గ దశలోనే, కాబట్టి చివరల కింద వేలితో తడిమి చూస్తూ ఉండు.

ఇప్పుడు కొనలు తుంచకు. ఇంకా గుబురవ్వాలని తుంచితే మొగ్గ వేయబోయే చివరే పోతుంది. నత్రజని ఎరువు కూడా పెంచకు, ఆకే పెరుగుతుంది.

ఒక సంగతి. అన్ని మొక్కలకూ ఇదే సూత్రం అనుకుని గులాబీని కప్పేవు. గులాబీ, టమాటా పొద్దు పొడుగును లెక్కచేయవు. చిక్కుడులో కూడా బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ల అర్క జయ్, అర్క విజయ్ పొట్టి రకాలు అన్ని కాలాల్లోనూ కాస్తాయి. డ్రాగన్ ఫ్రూట్‌ది తిరగబడిన లెక్క. దానికి పొట్టి రాత్రులు కావాలి. అందుకే చలికాలంలో కాపు కోసం రైతులు తోటల్లో రాత్రిపూట బల్బులు పెడుతున్నారు. చామంతి పెంచే పాలీహౌసుల్లోనూ బల్బులుంటాయి, కానీ అవి పూత ఆపడానికి. కొమ్మ కావలసినంత పొడుగయ్యేదాకా అర్ధరాత్రి వేళ కొన్ని గంటలు వెలిగించి, తర్వాత ఆపేస్తారు. నువ్వు తెలియకుండా చేసిందీ అదే, ఆపడం ఒక్కటే మిగిలింది.

పూలయ్యాక కొమ్మల్ని మట్టికి నాలుగంగుళాల ఎత్తులో కత్తిరించు. మొదట్లోంచి పిలకలు వస్తాయి. జూన్‌లో వాటి కొనలు రెండు మూడంగుళాలు తుంచి, అడుగు ఆకులు తీసి, తడి ఇసుకలో గుచ్చితే రెండు మూడు వారాల్లో వేళ్లు పడతాయి. కుండీలో నాటిన నాలుగు వారాలకు మొదటిసారి చివర తుంచు, ఐదారు ఆకులు మిగలాలి. రెండోసారి ఆగస్టు మధ్యలో. ఆ తర్వాత కత్తెర ముట్టుకోకు, సెప్టెంబరు నుంచి రాత్రి దీపం వేయకు.

ఆవగింజంత మొగ్గ కనిపించగానే దగ్గరగా ఒక ఫోటో తీసి పంపు.

మీ నాన్న